పాట ఏ మజిలీలో చెడింది?



మీ ఇంట్లో ఒక పాత క్యాసెట్టు ఉందనుకోండి. ఎప్పుడో మీ నాయనమ్మ పాడిన పెళ్లిపాటలు అందులో ఉన్నాయి. టేపు అరిగిపోతోంది. మళ్లీ పాడించుకుందామంటే నాయనమ్మ ఇప్పుడు లేదు. అందుకని ఆ పాటల్ని కంప్యూటరులోకి ఎక్కించి, అక్కడి నుంచి సి.డి. రైట్ చేసి, ఇంట్లో ఉన్న పాత ప్లేయరులో తాతయ్యకు వినిపించాలనుకున్నారు. కంప్యూటరులో పాట చక్కగా వినబడింది. సి.డి. రైట్ చేసే సాఫ్టువేరు కూడా "పని పూర్తయింది" అని చెప్పింది. తీరా ప్లేయరులో పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. లేదా పాట వచ్చింది గాని, ఆ గొంతు నాయనమ్మది కాదు!

ఇటువంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఇంకో ఖాళీ సి.డి. పెట్టి అదే పని మళ్లీ చేస్తారు. అదీ చెడితే మూడోది పెడతారు. చివరకు "ఈ సాఫ్టువేరు మంచిది కాదు" అని తేల్చేస్తారు. ఇది శాస్త్రీయమైన పద్ధతి కాదు. యంత్రం చేసే తప్పుకు కూడా ఒక కారణం ఉంటుంది. ప్రతి కారణమూ తనదంటూ ఒక గుర్తు వదిలిపోతుంది. చేలో పడింది గేదో, పందో రైతు అడుగుజాడలు చూసి చెప్పగలడు కదా! అలాగే చెడిన సి.డి.ని చూసి, విని, తప్పు ఎక్కడ జరిగిందో మనమూ చెప్పవచ్చు. అందుకు ముందుగా పాట నడిచే దారి తెలియాలి.

పాట అంకెలుగా మారడం

ధ్వని అంటే గాలిలో కలిగే ఒత్తిడి మార్పులని మీరు చదువుకున్నారు. ఆ ఒత్తిడిని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి, ఆ కొలతల్ని అంకెలుగా రాసిపెడితే పాట అంకెల పట్టీగా మారుతుంది. ఒక్కొక్క కొలతను "నమూనా" అంటారు. సి.డి. మీద సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి.

ఇన్ని ఎందుకు? మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్ పౌనఃపున్యం వరకు వినగలదు. ఒక తరంగాన్ని తిరిగి నిర్మించాలంటే దాని ప్రతి కంపనానికి రెండు నమూనాలకు మించి ఉండాలి. అంటే సెకనుకు 40,000 కంటె ఎక్కువ కావాలి. మరి సరిగ్గా 44,100 ఎలా వచ్చింది? మొదట్లో అంకెలుగా మార్చిన సంగీతాన్ని వీడియో టేపుల మీద నిలవచేసేవారు. ఒక పద్ధతి వీడియోలో సెకనుకు 60 సార్లు, సారికి 245 గీతలు, గీతకు 3 నమూనాలు పట్టాయి. ఇంకో పద్ధతిలో సెకనుకు 50 సార్లు, సారికి 294 గీతలు, గీతకు 3 నమూనాలు. రెండు విధాలా గుణించి చూడండి. రెండింటికీ జవాబు 44,100!

ప్రతి నమూనాను 16 బిట్లతో రాస్తారు. బిట్ అంటే 0 గాని, 1 గాని. 16 బిట్లతో 65,536 వేరువేరు విలువలు రాయవచ్చు. కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఒకటి చొప్పున రెండు మార్గాలు ఉంటాయి. కనుక సెకనుకు 44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఇది 1,76,400 బైట్లు. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి. ముందు ముందు మనకు పనికివస్తుంది.

ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి ఈ నియమాలన్నీ 1980లో ఒక గ్రంథంగా రూపొందించాయి. దాని అట్ట ఎర్రగా ఉండడంవల్ల "రెడ్ బుక్" అన్న పేరు వచ్చింది. 1982 అక్టోబరు 1న జపాన్‌లో తొలి సి.డి. ప్లేయరు అమ్మకానికి వచ్చింది. ఆనాటి ప్లేయరుకు తెలిసింది రెడ్ బుక్ ఒక్కటే. ఎం.పి.3 అంటే దానికి తెలియదు. మన కథలో సగం చిక్కులకు మూలం ఇదే.

వెలుగుతో చదివే పలక

దుకాణంలో పాటలతో వచ్చే సి.డి. 12 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం గల పాలికార్బొనేట్ బిళ్ల. దాని పైభాగాన సర్పిలాకారంలో ఒకే ఒక వరుస గుంటలు ఉంటాయి. వాటి మీద అల్యూమినియం పూత, ఆ పైన పలుచని వార్నిషు, అచ్చువేసిన పేరు ఉంటాయి. వరుసకూ వరుసకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. ఒక తలవెంట్రుక మందంలో ఇటువంటి వరుసలు నలభై దాకా పడతాయి. లోపలి నుంచి బయటికి సాగే ఈ దారిని తిన్నగా చాపితే అయిదు కిలోమీటర్లు దాటుతుంది!

అడుగునుంచి లేజరు కిరణం ఈ దారి మీద పడుతుంది. దాని తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. గుంటల లోతు, పాలికార్బొనేట్‌లో ఆ కాంతికి ఉండే తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగోవంతు. గుంటనుంచి వచ్చే కాంతి ఈ లోతును రెండుసార్లు, వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి దాటుతుంది. కాబట్టి పక్కనున్న చదునునుంచి వచ్చే కాంతికీ దానికీ సగం తరంగదైర్ఘ్యం తేడా వస్తుంది. అప్పుడు వ్యతికరణం వల్ల వెలుగు తగ్గుతుంది. వెలుగు తగ్గడమో, పెరగడమో జరిగిన చోట 1, మార్పు లేనంతసేపూ 0 అని ప్లేయరు చదువుకుంటుంది.

మనం ఇంట్లో రైట్ చేసే సి.డి.లో గుంటలుండవు. పాలికార్బొనేట్‌కూ లోహపు పూతకూ మధ్య ఒక రంగు పొర ఉంటుంది. బలమైన లేజరు వేడికి ఆ రంగు మాడి, అక్కడ మచ్చ పడుతుంది. చదివేటప్పుడు ఆ మచ్చ గుంటలాగే తక్కువ వెలుగునిస్తుంది. అందుకే ఈ పనిని ఇంగ్లీషులో "బర్న్ చేయడం", అంటే కాల్చడం అంటారు. జర్మనీలో తయారైన ఒక ప్రసిద్ధ సాఫ్టువేరుకు "నీరో బర్నింగ్ రోమ్" అని పేరు పెట్టారు. రోము నగరం తగలబడినప్పుడు చక్రవర్తిగా ఉన్న నీరో పేరు మీద చమత్కారమన్నమాట!

కాల్చిన మచ్చను చెరపలేం. అందువల్ల ఈ రకం సి.డి. మీద రాసింది రాసినట్లే ఉంటుంది. చెరిపి మళ్లీ రాయగల మరో రకం, అంటే ఆర్.డబ్ల్యు. రకం కూడా ఉంది. అందులో రంగుకు బదులు ఒక మిశ్రలోహం ఉంటుంది.

నాలుగు మజిలీలు

ఇప్పుడు పాట దారి చూద్దాం. మొదటి మజిలీ ఫైలు. రెండో మజిలీలో సాఫ్టువేరు ఆ ఫైలును విప్పి, సెకనుకు 44,100 చొప్పున నమూనాల పట్టీ తయారుచేస్తుంది. మూడో మజిలీలో డ్రైవు ఆ పట్టీని బిళ్ల మీద రాస్తుంది. నాలుగో మజిలీలో ప్లేయరు దాన్ని చదివి పాడుతుంది.

పొలానికి నీరు రాకపోతే రైతు ఏం చేస్తాడు? కాలువ పొడుగునా గజం గజం తవ్వి చూడడు. ముందు మధ్యనున్న తూము దగ్గరికి వెళతాడు. అక్కడ నీరుంటే ఇబ్బంది దిగువన ఉన్నట్లు. లేకపోతే ఎగువన ఉన్నట్లు. మనమూ అదే చేద్దాం. చెడిన సి.డి.ని వెంటనే పారవేయకుండా తిరిగి కంప్యూటరులోనే పెట్టి వినండి. అక్కడ సక్రమంగా వినబడితే మొదటి మూడు మజిలీలు చాలావరకు మంచివే. నాలుగోదాన్ని అనుమానించాలి. అక్కడా చెడుగానే ఉంటే అసలు ఫైలును వినండి. ఫైలే చెడితే మొదటి మజిలీ. ఫైలు బాగుంటే రెండు, మూడు మజిలీల మధ్య వెతకాలి.

ఇంకొక నియమం. ఒకసారికి ఒక్కటే మార్చండి. వేగమూ, బిళ్లా, సాఫ్టువేరూ మూడూ కలిపి మార్చారనుకోండి. పాట బాగుపడినా ఏది మార్చినందువల్ల బాగుపడిందో మీకు తెలియదు. ప్రయోగశాలలో లోలకంతో ప్రయోగం చేసేటప్పుడు దారం పొడవు మారిస్తే గుండు మార్చం కదా! ఇదీ అంతే.

ఇక ఒక్కొక్క గుర్తునూ పరిశీలిద్దాం.

1. ప్లేయరు అసలు పాడదు

కంప్యూటరులో సి.డి.ని తెరచి చూడండి. అందులో ఎం.పి.3 ఫైళ్లు పేర్లతో కనబడుతున్నాయా? అయితే మీరు రాసింది పాటల సి.డి. కాదు, ఫైళ్ల సి.డి. ఎం.పి.3 చదవగలిగే కొత్త ప్లేయర్లు దాన్ని పాడతాయి. రెడ్ బుక్ మాత్రమే తెలిసిన పాతది పాడదు. సాఫ్టువేరులో "డేటా సి.డి." అన్న పనికి బదులు "ఆడియో సి.డి." అన్న పనిని ఎంచుకుంటే చాలు. అన్నిటికంటె ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

పాటలు ట్రాకులుగానే కనబడుతున్నాయా? అయితే సి.డి.ని ముగించారో లేదో చూడండి. బిళ్ల లోపలి అంచున ఒక విషయసూచిక ఉంటుంది. ఏ పాట ఎక్కడ మొదలవుతుందో అందులో ఉంటుంది. "తరువాత ఇంకొన్ని పాటలు చేరుద్దాం" అని సి.డి.ని ముగించకుండా వదిలితే ఆ సూచిక రాయబడదు. రాసిన డ్రైవుకు మాత్రం పాటలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఇంట్లోని ప్లేయరుకు తెలియదు. దీనికి సాఫ్టువేరులో "ఫైనలైజ్" అన్న ఆదేశం ఇవ్వాలి.

అదీ సరిగా ఉంటే బిళ్ల రకం చూడండి. అచ్చువేసిన సి.డి. తన మీద పడిన కాంతిలో నూటికి 70 వంతులైనా వెనక్కి పంపుతుంది. ఒకసారి రాసే రకం ఇంచుమించు దానికి దగ్గరగా ఉంటుంది. చెరిపి రాసే రకం మాత్రం 15 నుంచి 25 వంతులే పంపుతుంది. ఇంత మసక వెలుగును పాత ప్లేయరు కన్ను పట్టలేదు. తప్పు పాటది కాదు, కాంతి పరావర్తనానిది.

2. గొంతు మారిపోయింది

పాట వస్తోంది. కాని గొంతు బొంగురుగా, నడక మెల్లగా ఉంది. ఇక్కడ మీకు కావలసిన పరికరం చేతి గడియారం. కంప్యూటరులో ఆ పాట 4 నిమిషాలు ఉందనుకోండి. సి.డి. మీద కొలిస్తే 4 నిమిషాల 21 సెకన్లు వచ్చింది. 261ని 240తో భాగించండి. 1.0875 వస్తుంది. ఇప్పుడు 48,000ను 44,100తో భాగించండి. 1.088 వస్తుంది. రెండూ ఒకటే! దొంగ దొరికాడు.

జరిగింది ఇది. వీడియో కెమేరాలు సాధారణంగా సెకనుకు 48,000 నమూనాల చొప్పున ధ్వనిని రికార్డు చేస్తాయి. సి.డి. ప్లేయరు సెకనుకు 44,100 మాత్రమే పలుకుతుంది. కాబట్టి ఒక సెకనులో ముగియవలసిన పాటకు ఎక్కువ సమయం పట్టింది. శ్రుతి కూడా దిగింది. హార్మోనియం మీద అయితే అది దాదాపు ఒకటిన్నర మెట్టు. మంచి సాఫ్టువేరు రెండో మజిలీలో ఈ లెక్క తనే సరిచేస్తుంది. కాని ఫైలు మొదట్లో రాసి ఉండే "నమూనాల రేటు" తప్పుగా ఉంటే సాఫ్టువేరు మోసపోతుంది.

దీనికి తిరగబడిన గుర్తు కూడా ఉంది. పాట సరిగ్గా సగం సమయంలో అయిపోయి, గొంతు పై స్థాయికి వెళ్లి ఉడుత కీచులాట లాగా వినబడుతుంది. సెకనుకు 22,050 నమూనాలున్న ఫైలును 44,100 అనుకుని రాస్తే ఇలా జరుగుతుంది. ఒకే మార్గం ఉన్న ఫైలును రెండు మార్గాలదిగా పొరబడినా ఇంతే. రెంటికీ మందు ఒకటే. ధ్వనిని సవరించే సాఫ్టువేరులో ఫైలును తెరిచి, సరైన రేటు చెప్పి, 44,100 నమూనాలు, 16 బిట్లు, రెండు మార్గాలు గల వేవ్ ఫైలుగా భద్రపరచి, దాన్ని రాయాలి.

3. పాటకు బదులు బుస్సుమన్న హోరు

కొందరు ఎం.పి.3 ఫైలు పేరు చివర ఉన్న అక్షరాల్ని చెరిపి "వేవ్" అని రాస్తారు. పేరు మారింది కాబట్టి ఫైలు మారిందనుకుంటారు. డబ్బా మీది చీటీ మార్చినంత మాత్రాన లోపలి కందిపప్పు పెసరపప్పు అవుతుందా? సాఫ్టువేరు ఆ ఫైలును నిరాకరిస్తే మన అదృష్టం. నిరాకరించకుండా, కుదించిన అంకెల్నే నమూనాలనుకుని రాస్తే బిళ్లనిండా హోరు తప్ప మరేమీ ఉండదు. ఫైలును విప్పడమంటే పేరు మార్చడం కాదు, లెక్క చేయడం.

ఆ లెక్క ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. డప్పు గట్టిగా మోగుతున్నప్పుడు పక్కనే ఉన్న చిన్న గజ్జె చప్పుడు మన చెవికి అందదు. ఇటువంటి వినబడని భాగాలకు తక్కువ బిట్లు కేటాయించి ఫైలును చిన్నది చేయడమే ఎం.పి.3 కిటుకు. సెకనుకు 128 కిలోబిట్ల ఎం.పి.3 అసలు పాటలో సుమారు పదకొండోవంతు ఉంటుంది. వదిలేసినవి మళ్లీ రావు. దాన్ని సి.డి. మీద రాస్తే పరిమాణం పదకొండు రెట్లవుతుంది గాని, నాణ్యం పెరగదు. కాబట్టి క్యాసెట్టు నుంచి ఎక్కించేటప్పుడే వేవ్ ఫైలుగా ఎక్కించండి.

4. "చోటు చాలదు" అంటోంది

"నా పాటలన్నీ కలిపి 480 మెగాబైట్లే. సి.డి. మీద 700 అని రాసి ఉంది. అయినా చోటు చాలదంటోంది!" అని మీలో ఎవరైనా అడగవచ్చు. ఇప్పుడు మనం గుర్తుంచుకున్న సంఖ్యను తీయండి. 5 నిమిషాల ఎం.పి.3 పాట 48 లక్షల బైట్లు. దాన్ని విప్పితే 300 × 1,76,400 = 5,29,20,000 బైట్లు. 480 మెగాబైట్లంటే అలాంటి పాటలు నూరు, అంటే 500 నిమిషాలు. సి.డి. పట్టేది 80 నిమిషాలు. పాటల సి.డి.ని బైట్లతో కాదు, నిమిషాలతో కొలవాలి. ట్రాకుల సంఖ్య కూడా 99కి మించకూడదు.

క్యాసెట్టు విషయంలోనూ ఇది గుర్తుంచుకోండి. 60 నిమిషాల క్యాసెట్టు ఒక సి.డి.లో పడుతుంది. 90 నిమిషాల హరికథ పట్టదు. కథ మధ్యలో తెగకుండా ఎక్కడ ఆపాలో ముందే చూసుకుని రెండు బిళ్లలు సిద్ధం చేసుకోండి.

5. రాస్తూ రాస్తూ ఆగిపోయింది

లేజరు రాస్తున్నంతసేపూ బిళ్ల తిరుగుతూనే ఉంటుంది. అంకెలు తెంపు లేకుండా అందుతుండాలి. అందుకోసం డ్రైవులో ఒక చిన్న తొట్టి వంటి జ్ఞాపకం ఉంటుంది. దానిలో 20 లక్షల బైట్లు పడతాయనుకోండి. 8 రెట్ల వేగంతో రాస్తే సెకనుకు 14,11,200 బైట్లు ఖర్చవుతాయి. కంప్యూటరు ఒకటిన్నర సెకన్లు వేరే పనిలో పడితే తొట్టి ఖాళీ! వెనకటి డ్రైవుల్లో అక్కడితో బిళ్ల పాడయ్యేది. 2000లో సాన్యో సంస్థ దీనికి ఒక ఉపాయం తెచ్చింది. తొట్టి ఖాళీ అయ్యేలోగా లేజరును ఆపి, ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని, మళ్లీ సరిగ్గా అక్కడే మొదలుపెట్టడం. ఆ తర్వాత వచ్చిన డ్రైవుల్లో ఇటువంటి ఏర్పాటు మామూలైంది. మీ సాఫ్టువేరులో దాన్ని ఎవరైనా నిలిపివేశారేమో చూడండి. పాత కంప్యూటరైతే రాస్తున్నంతసేపూ ఆటలూ, సినిమాలూ పెట్టకండి. పొలాల్లో పిట్టల్ని బెదరగొట్టడానికి దారాలకు కట్టిన సి.డి.లను మీరు చూసే ఉంటారు. వాటిలో ఇలా సగంలో చెడినవీ ఉండవచ్చు!

6. టక్ టక్ మనే చప్పుడు, పాట తెగడం

ఇక్కడ మూడు ప్రశ్నలు వేయాలి. చప్పుడు ప్రతిసారీ అదే చోట వస్తోందా? అసలు ఫైలులో కూడా ఉందా? వేరే ప్లేయరులో కూడా వస్తోందా? ఫైలులోనే ఉంటే మొదటి మజిలీ తప్పు. గీతలు పడిన వేరే సి.డి. నుంచి ఆ ఫైలును తీసి ఉండవచ్చు. ఫైలులో లేకుండా, అన్ని ప్లేయర్లలోనూ ఒకే చోట వస్తే రాతలో లోపం. వేగం తగ్గించి, వేరే రకం బిళ్ల మీద రాసి చూడండి. అయితే అన్నిటికంటె తక్కువ వేగమే మంచిదనుకోకండి. ఎక్కువ వేగానికి తయారైన బిళ్లలకు మధ్యస్థమైన వేగం నప్పవచ్చు. ఒక్క ప్లేయరులోనే, ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట వస్తే ఆ ప్లేయరు కటకం మీద దుమ్ము ఉందేమో!

ఇంత చిన్న గుర్తుల మీద చిన్న గీత పడినా పాట చెడకుండా ఎలా ఉంటుంది? ఇది చక్కని గణితం. 12, 25, 18 అనే సంఖ్యలతోపాటు వాటి మొత్తం 55ను కూడా రాసిపెట్టారనుకోండి. 25 చెరిగిపోతే 55 నుంచి 12, 18 తీసివేసి తిరిగి రాబట్టవచ్చు. రెండు సంఖ్యలు చెరిగితే రాబట్టలేం. అందుకని ఒకే లెక్కలోని సంఖ్యల్ని పక్కపక్కన రాయకుండా దూరదూరంగా చల్లుతారు. అప్పుడు గీత పడినా ఒక్కొక్క లెక్కలో ఒక్కటే పోతుంది. 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు కనిపెట్టిన సంకేత పద్ధతి ఇటువంటి పనిని ఎంతో సమర్థంగా చేస్తుంది. దారి వెంట సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర పోయినా సి.డి. ప్లేయరు దాన్ని పూర్తిగా పూరించగలదు. అందుకే సి.డి.ని గుండ్రంగా తుడవకూడదు. మధ్యనుంచి అంచుకు తిన్నగా తుడవాలి. అప్పుడు గీత పడినా దారిని అడ్డంగా దాటిపోతుంది గాని దాని వెంట సాగదు.

7. చిన్న చిన్న చిక్కులు

రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా రాస్తే మధ్యలో రెండేసి సెకన్ల మౌనం వస్తోందా? ట్రాకు ట్రాకుకూ లేజరును ఆపకుండా మొత్తం బిళ్లను ఒకే ఊపులో రాసే "డిస్క్ ఎట్ వన్స్" పద్ధతిని ఎంచుకుని, విరామాన్ని సున్న చేయండి. అప్పటికీ చిన్న తెంపు ఉంటే ఫైళ్లు ఎం.పి.3లేమో చూడండి. కుదించేటప్పుడు ఆ ఫైలు మొదట, చివర కొంత మౌనం చేరుతుంది.

పాట పేర్లు తెలుగులో ఇస్తే ప్లేయరు తెర మీద ప్రశ్నార్థకాలు వస్తున్నాయా? సి.డి. మీద పేర్లు రాసే నియమాల్లో తెలుగు లిపికి చోటు లేదు. పేర్లను కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి.

ఒక పాట గట్టిగా, ఒకటి మెల్లగా ఉంటే సాఫ్టువేరులో స్థాయిని సమం చేసే ఏర్పాటు ఉంటుంది. దాన్ని అతిగా వాడితే తరంగాల శిఖరాలు తెగి, గొంతు బరబరమంటుంది.

ముఖ్యమైన జాగ్రత్త

"పని పూర్తయింది" అంటే బిళ్ల మీద ఏదో రాయడం పూర్తయిందని మాత్రమే. రాసింది సరైనదని కాదు. కాబట్టి సి.డి.ని ఏ ప్లేయరులో వాడతారో అందులోనే మొదటినుంచి చివరిదాకా విన్న తరువాతనే తక్కిన పని. అప్పుడు కూడా అసలు క్యాసెట్టును చెరపకండి, ఫైలును తుడిచివేయకండి. రంగు పొర కాలక్రమాన ఎండకు, వేడికి, తేమకు మారుతుంది. అందువల్ల పాటల సి.డి.తోపాటు వేవ్ ఫైళ్లను వేరువేరు చోట్ల రెండు ప్రతులైనా భద్రపరచండి. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి సి.డి. డ్రైవే ఉండదు. బయటనుంచి తగిలించే డ్రైవు కావలసివస్తుంది. ఇంకొక మాట. సి.డి.కి అడుగుభాగమే సున్నితమని చాలామంది అనుకుంటారు. నిజానికి లోహపు పూత పైభాగానికే దగ్గరగా ఉంది. పైన పదునైన కలంతో రాస్తే పాటే గీసుకుపోతుంది!

చేసి చూడండి

1. సి.డి. అడుగుభాగాన్ని ఎండ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని, గోడ మీద పడే రంగుల్ని చూడండి. సూర్యబింబాన్ని గాని, సి.డి.లో కనబడే దాని ప్రతిబింబాన్ని గాని నేరుగా చూడకండి. ఈ రంగులు 1.6 మైక్రోమీటర్ల ఎడంతో ఉన్న వరుసల వల్ల వచ్చినవి.

2. ఒకే పాటను కంప్యూటరులోనూ, సి.డి. మీదనూ వింటూ స్టాప్‌వాచీతో కొలవండి. నిష్పత్తి 1 వచ్చిందా?

ఆలోచించి చెప్పండి

1. ఒక సి.డి. మీ ఇంటి ప్లేయరులో పాడలేదు. పక్కింటి ప్లేయరులో పాడింది. దుకాణంలో కొన్న సి.డి. మీ ప్లేయరులో బాగానే పాడుతోంది. అనుమానించవలసినవి ఏవి?

2. 6 నిమిషాల పాట సి.డి. మీద 3 నిమిషాల్లో అయిపోయింది. తప్పు ఏ మజిలీలో జరిగింది?

3. సరిగ్గా 5 నిమిషాల పాటలు 16 ఉన్నాయి. పాటకూ పాటకూ మధ్య 2 సెకన్ల విరామం పెడితే 80 నిమిషాల సి.డి.లో పడతాయా?

జవాబులు: 1. ప్లేయరు చెడిపోలేదు, రాత కూడా ఉంది. చెరిపి రాసే రకం బిళ్లా, ముగించని సి.డి.యా, ఫైళ్ల సి.డి.యా అన్నది చూడాలి. 2. రెండో మజిలీలో. సెకనుకు 22,050 నమూనాలున్న ఫైలునో, ఒకే మార్గమున్న ఫైలునో సాఫ్టువేరు తప్పుగా విప్పింది. 3. నియమం ప్రకారం పట్టవు. పాటలకే 80 నిమిషాలు సరిపోయాయి. వాటి మధ్య 15 విరామాలకు మరో 30 సెకన్లు కావాలి. 15 పాటలు రాసి, పదహారోదాన్ని ఇంకో బిళ్లకు ఉంచండి.